ముందు కట్టుకోండి, తర్వాత చూద్దాం: నీరుగారుతున్న పర్యావరణ అనుమతులు

2019 మే నెలలో విశాఖపట్నం శివారు ఆర్‌.ఆర్‌.వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కంపెనీ, పర్యావరణ అనుమతులు చూసే రాష్ట్రస్థాయి సంస్థకు ఒక అఫిడవిట్ ఇచ్చింది. తాము చేస్తున్న ఉత్పత్తికి సరిపడా పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని అందులో రాసింది. ఎవరో తవ్వి తీసిన రహస్యం కాదది, కంపెనీయే సంతకం పెట్టి ఇచ్చిన కాగితం. అది అందిన తర్వాత కూడా ప్లాంటు దాదాపు ఏడాది పాటు మామూలుగానే నడిచింది. 2020 మే 7 తెల్లవారుజామున, ఊరంతా నిద్రలో ఉండగా, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఇళ్ల మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. 585 మంది ఆస్పత్రి పాలయ్యారు.

ఆ తర్వాత కదలాల్సినవన్నీ కదిలాయి. మర్నాడే పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ కంపెనీని 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమంది. సీనియర్ ఐఏఎస్ అధికారి నీరబ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ రెండు నెలల్లో నివేదిక ఇచ్చింది. కంపెనీ పెద్దలు అరెస్టయ్యారు, కొందరు ప్రభుత్వ అధికారులు సస్పెండయ్యారు. కమిటీ చెప్పిన విషయాలు ఒక్కొక్కటే చదువుతుంటే కోపం రాక మానదు. స్టైరీన్ నిల్వ ఉన్న ఎం-6 ట్యాంకులో వేడిని అడుగు భాగాన మాత్రమే కొలిచారు. పైభాగం కాగిపోతున్న సంగతి కొలతల్లో కనబడనే లేదు. స్టైరీన్ దానంతట అదే పాలిమర్‌గా మారుతూ వేడి పుట్టించకుండా కలపాల్సిన రసాయనం సరిపడా లేదు. చల్లబరిచే యంత్రాలను రోజంతా నడపలేదు. ప్లాంటులో సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటు ఉంది, ఒక్క చోటా ఎవరూ మోగించలేదు.

అనుమతి ఉండి ఉంటే ప్రమాదం జరిగేది కాదని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. అనుమతులన్నీ ఉన్న ఫ్యాక్టరీల్లో కూడా ప్రమాదాలు జరుగుతూనే ఉన్నాయి. కానీ ట్యాంకులో వేడి ఎక్కడ కొలుస్తారు, చుట్టూ ఎన్ని ఇళ్లున్నాయి, లీకైతే జనానికి ఎలా తెలుస్తుంది అన్న ప్రశ్నలు కంపెనీని కూర్చోబెట్టి అడగగలిగే చోటు ఒకటుంది. అదే పర్యావరణ అనుమతి ప్రక్రియ. 1961 నాటి ఫ్యాక్టరీ ఉత్పత్తి పెంచుకుంటూ పోయింది, దాని చుట్టూ ఊళ్లు నగరంలో కలిసిపోయాయి. ఆ ప్రశ్నలను మాత్రం సమయానికి ఎవరూ అడగలేదు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సీఎఫ్‌ఓ, అంటే ఉత్పత్తి నడుపుకోవడానికి ఇచ్చే సమ్మతి, రెన్యూవల్ అవుతూ వచ్చింది. పని సాగిపోయింది.

పర్యావరణ నిబంధనల సడలింపు గురించి మాట్లాడేటప్పుడు చాలామంది చట్టాల రద్దు గురించి ఆలోచిస్తారు. మన దేశంలో అలా జరగడం లేదు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం అలాగే ఉంది. దాని కింద వచ్చిన 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కూడా, సవరణల మీద సవరణలు పడుతూ, అమల్లోనే ఉంది. మారుతున్నది వాటి వరస. పని మొదలు కాకముందు అడగాల్సిన ప్రశ్న, పని అయిపోయాక అడిగే ప్రశ్నగా మారుతోంది. గత పదేళ్లలో వచ్చిన సడలింపులను పక్కపక్కన పెట్టి చూస్తే చాలావాటిలో కనబడేది ఇదే.

భోపాల్ తర్వాత వచ్చిన చట్టాల అసలు ఉద్దేశం ముందు అడగడమే. 1984 డిసెంబరులో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి వెలువడిన గ్యాస్ వేల ప్రాణాలు తీశాక, నష్టం జరిగాక శిక్షలు వేసే పద్ధతి చాలదని దేశానికి తెలిసొచ్చింది. 1994లో ప్రభావ మదింపు తప్పనిసరి అయింది, 2006లో ఆ నిబంధనలను కొత్తగా రాశారు. దాని ప్రకారం పెద్ద ప్రాజెక్టు ఏదైనా ముందు ఏయే విషయాలు అధ్యయనం చేయాలో తేల్చుకోవాలి, నివేదిక తయారు చేయాలి, స్థానికుల ముందు పెట్టాలి, నిపుణుల కమిటీ ముందు నిలబడాలి. అప్పుడే పునాది.

ఇందులో అందరికీ చిరాకు తెప్పించే దశ ప్రజాభిప్రాయ సేకరణ. కంపెనీకి అది టెన్షన్, అధికారులకు తలనొప్పి. జనానికేమో చెప్పినా ఎవరూ వినరన్న నిరాశ. అయినా ఆ దశ ఎందుకు కావాలో శ్రీకాకుళం జిల్లా సోంపేట చెబుతుంది. అక్కడి తీర ప్రాంతంలో వాన నీరు నిలిచే తడి నేలలను బీల అంటారు. చేపలు, తుంగ, పశువుల మేత, చుట్టుపక్కల పొలాలకు నీరు, అన్నీ దాని మీదే. థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం సమర్పించిన కాగితాల్లో మాత్రం ఆ నేల పనికిరాని భూమిగా కనిపించింది. జనం వ్యతిరేకించినా 2009లో అనుమతి వచ్చేసింది. 2010 జూలై 14న పనులు మొదలుపెట్టడానికి పోలీసు బలగంతో వచ్చినప్పుడు ఘర్షణ జరిగి, కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో, అనుమతుల మీద అప్పీళ్లు వినే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ఆ నేల బీల అన్న సంగతి అక్కడి చేపలవాళ్లకు, రైతులకు ఎప్పుడూ తెలుసు. అభిప్రాయ సేకరణ రోజున వాళ్లు చెప్పింది రాసుకుని, ఒకసారి వెళ్లి కళ్లతో చూసి ఉంటే రెండు ప్రాణాలు మిగిలేవి. కంపెనీకి డబ్బు కూడా మిగిలేది.

ఇప్పుడు వరస తిరగబడిన తీరు చూద్దాం. 2017 మార్చి 14న కేంద్ర పర్యావరణ శాఖ ఒక నోటిఫికేషన్ తెచ్చింది. అనుమతి లేకుండా పనులు మొదలుపెట్టిన ప్రాజెక్టులు ఆరు నెలల్లోగా దరఖాస్తు పెట్టుకుంటే పరిశీలించి అనుమతి ఇస్తామన్నది దాని సారాంశం. ఇది ఒక్కసారికే ఇచ్చే అవకాశమని అప్పట్లో చెప్పారు. 2021 జూలై 7న ఒక ఆఫీస్ మెమొరాండంతో ఇదే పద్ధతికి గడువంటూ లేకుండా పోయింది. ఆఫీస్ మెమొరాండం అంటే పార్లమెంటు ముందుకు వెళ్లేది కాదు, జనాన్ని అభ్యంతరాలు అడిగేది కాదు. శాఖలో ఒక అధికారి సంతకంతో వెబ్‌సైట్‌లో పెడితే సరిపోయే కాగితం.

ఆ మెమొరాండంలోని జరిమానా లెక్క చూడాలి. అనుమతి లేకుండా కట్టడం మొదలుపెట్టినవారు ప్రాజెక్టు ఖర్చులో ఒక శాతం చెల్లించాలి. ఉత్పత్తి కూడా మొదలైపోతే ఉల్లంఘన కాలపు టర్నోవర్‌లో మరో పావు శాతం. ఎవరూ పట్టుకోకముందే తామే వచ్చి ఒప్పుకుంటే అందులో సగం. ఒక ఫ్యాక్టరీ యజమాని దీన్ని ఎలా చదువుతాడు? అనుమతి కోసం ఆగితే ఏడాదో రెండేళ్లో పోతాయి, బ్యాంకు వడ్డీ పెరుగుతుంది. ఆగకుండా కట్టేసుకుంటే ఒక శాతం, అదీ సగానికి తగ్గించుకోవచ్చు. పేరుకు జరిమానా అయినా, ఆచరణలో అది తొందరగా పని కానిచ్చుకోవడానికి కట్టే ఫీజు. నిబంధన పాటించిన పోటీదారుడే నష్టపోతాడు.

2017 నోటిఫికేషన్‌కూ 2021 మెమొరాండానికీ మధ్యలో వచ్చింది 2020 ముసాయిదా. 2006 నోటిఫికేషన్ స్థానంలో తేవాలనుకున్నది. మార్చిలో, దేశం లాక్‌డౌన్‌లోకి వెళ్తున్న రోజుల్లో, దాన్ని జనం ముందు పెట్టారు. విశాఖలో గ్యాస్ లీకైనప్పుడు దాని మీద అభ్యంతరాల గడువు ఇంకా నడుస్తూనే ఉంది. ముసాయిదాలో, పని మొదలయ్యాక ఇచ్చే అనుమతులను శాశ్వతం చేసే ఏర్పాటు ఉంది. అభిప్రాయ సేకరణకు ముందు ఇచ్చే నోటీసు 30 రోజుల నుంచి 20 రోజులకు తగ్గింది. అన్నిటికన్నా విచిత్రమైనది, ఉల్లంఘన జరిగిందని ఎవరు చెప్పవచ్చన్న నిబంధన. కంపెనీ తనంతట తాను చెప్పవచ్చు, ప్రభుత్వ సంస్థలు చెప్పవచ్చు, నిపుణుల కమిటీ చెప్పవచ్చు. పక్క ఊరి మనిషి ఫిర్యాదుకు ఆ జాబితాలో చోటు లేదు. ఇంగ్లీషు, హిందీల్లో వచ్చిన ఈ ముసాయిదాను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటిలోకీ అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశిస్తే, కేంద్రం ఆ ఆదేశం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. లక్షల్లో అభ్యంతరాలు వచ్చాయి. ముసాయిదా ఖరారు కాలేదు. అది గెలుపు అనుకున్నవాళ్లు మరుసటి ఏడాది వచ్చిన మెమొరాండంతో కంగుతిన్నారు. ముందు తలుపు మూసుకుంటే పక్క కిటికీ తెరుచుకుంది.

కోర్టులు ఈ విషయంలో ఒక్క మాట మీద నిలబడలేదు. 2017లో ఒడిశా గనుల కేసులోనూ, 2020 ఏప్రిల్‌లో అలెంబిక్ ఫార్మా కేసులోనూ తర్వాతెప్పుడో ఇచ్చే అనుమతి చట్టానికే విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది. 2021, 2022ల్లో మాత్రం కొన్ని కేసుల్లో మినహాయింపులకు దారి ఇచ్చింది. 2025 మే 16న వనశక్తి అనే పర్యావరణ సంస్థ వేసిన కేసులో జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్‌ల ధర్మాసనం 2017 నోటిఫికేషన్‌నూ, 2021 మెమొరాండంనూ కొట్టేసింది. అప్పటికే ఇచ్చిన అనుమతుల జోలికి వెళ్లకుండా, ఇకముందు ఇవ్వరాదని చెప్పింది. ఆరు నెలలు తిరిగేసరికి, నవంబరు 18న, రియల్ ఎస్టేట్ బిల్డర్ల సంఘం క్రెడాయ్ వేసిన రివ్యూ పిటిషన్‌పై ముగ్గురు జడ్జీల ధర్మాసనం 2-1 మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుని, కేసును మళ్లీ విచారణకు పెట్టింది. వేల కోట్ల ప్రజాధనంతో కట్టినవాటిని కూల్చాల్సి వస్తుందన్నది మెజారిటీ ఆందోళన. మే తీర్పు ఇచ్చినవారిలో ఒకరైన జస్టిస్ భుయాన్ ఈసారి భిన్నాభిప్రాయం రాశారు.

మెజారిటీ ఆందోళనను తేలిగ్గా తీసిపారేయలేం. కట్టిన ఆస్పత్రిని కూల్చమనడం ఎవరికైనా కష్టమే. కానీ ముందు కట్టేసుకునేవాళ్ల ధైర్యమంతా అదే. ఒకసారి నిలబడ్డాక ఎవరు కూల్చగలరు? ఆ ధైర్యానికి కోర్టు ముద్ర పడితే రేపు కట్టేవాడు ఇంకా తొందరపడతాడు.

మదింపు తర్వాత చేస్తే మదింపుగా మిగలదన్నది ఇంకో చిక్కు. ప్రాజెక్టు వద్దని చెప్పే అవకాశం, ఇంకో చోటికి మార్చమనే అవకాశం అప్పటికే పోతాయి. చెరువు పూడ్చేశాక అక్కడ చెరువు వల్ల ఏం ఉపయోగముండేదో నివేదిక రాయడంలో అర్థం లేదు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు ఉంటుంది.

నష్టం జరిగాక సరిదిద్దుకోవడం ఎంత కష్టమో పటాన్‌చెరు వాసులను అడిగితే చెబుతారు. మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలతో నక్కవాగు, చుట్టుపక్కల చెరువులు, బోర్లు పాడైపోయాయని 1990లో సుప్రీంకోర్టుకు కేసు వెళ్లింది. అక్కడి నుంచి హైకోర్టుకు, ఆపైన హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయి, 2017లో తీర్పు వచ్చింది. మధ్యలో శుద్ధి కేంద్రం కట్టారు. అది చాలక, శుద్ధి చేసిన వ్యర్థజలాలను హైదరాబాద్ అంబర్‌పేట దాకా తీసుకెళ్లడానికి పైపులైను వేశారు. ఇరవై ఏడేళ్లు. కేసు వేసినప్పుడు బడికి వెళ్లే పిల్లలు తీర్పు నాటికి నడివయసుకు దగ్గరపడ్డారు.

వరస మార్పుకు ఇంకో రూపం గడువు పొడిగింపు. బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగగొట్టాల నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్‌ను తగ్గించే పరికరాలు పెట్టాలని 2015 డిసెంబరులో నిబంధన తెచ్చి, రెండేళ్లు గడువిచ్చారు. ఆ గడువును పొడిగిస్తూ పోయి, 2025 జూలైలో దాదాపు 78 శాతం కేంద్రాలకు ఆ అవసరమే లేదన్నారు. దేశీ బొగ్గులో గంధకం తక్కువన్నది ఒక వాదన. అందులో బలం ఉండొచ్చు. అయితే మన బొగ్గు గుణం 2015లో తెలియనిదేమీ కాదు. పదేళ్ల పాటు వాయిదాలు అడిగి చివరికి మినహాయింపు పొందినవారిని చూశాక, మొదటే డబ్బు పెట్టి పరికరాలు బిగించుకున్న కంపెనీలు ఏమనుకోవాలి?

శిక్షల విషయానికొస్తే, 2023 జన్ విశ్వాస్ చట్టం పర్యావరణ పరిరక్షణ చట్టంలోని ఐదేళ్ల దాకా జైలు శిక్షను తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది. ఉల్లంఘన కొనసాగితే రోజుకు 10 వేలు అదనం. కట్టకపోతేనే జైలు. 2024లో జల కాలుష్య చట్టాన్ని కూడా ఇదే దారిలో సవరించారు. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పాత చట్టం కింద జైలుకెళ్లిన ఫ్యాక్టరీ యజమానులు అరుదు. కాబట్టి జైలు తీసేయగానే ఏదో కోట కూలిపోయిందనడం అతిశయోక్తి. త్వరగా తేలే జరిమానా, ఏళ్ల తరబడి సాగే క్రిమినల్ కేసు కన్నా మేలు కూడా కావచ్చు. అసలు ఇబ్బంది ఆ 15 లక్షల పరిమితిలో ఉంది. చిన్న రంగుల యూనిట్‌కు అది మూతబడేంత మొత్తం. వేల కోట్ల వ్యాపారానికి అది ఖర్చు పద్దులో వెతికినా కనబడదు. పైగా జరిమానా తేల్చేది కోర్టు కాదు, ప్రభుత్వం నియమించే అధికారి. పరిశ్రమను పిలిచి భూమి ఇచ్చేదీ, తప్పు చేస్తే విచారించేదీ ఒకే ప్రభుత్వం అవుతుంది.

సడలింపులు కావాలనేవారి వాదనలో గట్టిది ఇన్‌స్పెక్టర్ రాజ్. తనిఖీకి వచ్చేవాడు కాలుష్యం చూడడు, కవరు చూస్తాడు, ఫైలు కదలాలంటే చేయి తడపాలి, నిజాయితీగా నడుపుకునే చిన్న పరిశ్రమలే ఎక్కువ నలిగిపోతాయి. ఇది అబద్ధమని పరిశ్రమల పేటల్లో తిరిగినవాళ్లెవరూ అనరు. కానీ దీని నుంచి రెండు దారులు తీయవచ్చు. తనిఖీ చెడిపోయింది కాబట్టి తనిఖీయే వద్దనడం ఒకటి. తనిఖీని బాగుచేయడం రెండోది. మొదటి దారి ఎంచుకుంటున్న ప్రభుత్వాలే కాలుష్య నియంత్రణ మండళ్లలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉంచాయి. మనుషుల్లేని ఆఫీసు ఆలస్యం చేస్తుంది. ఆలస్యమవుతోంది కాబట్టి ఆ ఆఫీసు అవసరం లేదంటారు.

రెండో దారి పనిచేస్తుందని చెప్పే ఆధారం మన దేశంలోనే ఉంది. గుజరాత్‌లో ఫ్యాక్టరీలు తమ కాలుష్యాన్ని బయటి ఆడిటర్లతో కొలిపించుకోవాలి. ఆ ఆడిటర్‌ను ఫ్యాక్టరీయే ఎంచుకుని, తనే డబ్బు ఇచ్చేది. ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికొలస్ రయాన్ అనే ఆర్థికవేత్తలు రాష్ట్ర కాలుష్య మండలితో కలిసి అహ్మదాబాద్, సూరత్ ప్రాంతాల్లో 473 ఫ్యాక్టరీల మీద ప్రయోగం చేసి, ఫలితాలను 2013లో ప్రచురించారు. పాత పద్ధతిలో వచ్చిన నివేదికల్లో అంకెలన్నీ విచిత్రంగా పరిమితికి కాస్త కింద గుంపు కట్టాయి. మళ్లీ కొలిచి చూస్తే అసలు అంకెలు చాలా చోట్ల పరిమితి దాటిపోయాయి. అప్పుడు వ్యవస్థను మార్చారు. ఏ ఫ్యాక్టరీకి ఏ ఆడిటర్ వెళ్లాలో లాటరీ పద్ధతిలో తేల్చారు, జీతం ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు, కొన్ని కొలతలను మళ్లీ సరిచూశారు. ఆడిటర్లు నిజం రాయడం మొదలుపెట్టారు. నిజం రాసేసరికి ఫ్యాక్టరీలు కాలుష్యం తగ్గించుకున్నాయి. ఎవరినీ జైలుకు పంపనక్కర్లేకపోయింది. డబ్బు ఎవరి చేతుల మీదుగా వెళ్తుందన్నది మారితే చాలింది.

రుజువు చేయాల్సిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు జవాబు కూడా మన దగ్గరే ఉంది. హైదరాబాద్‌కు తాగునీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు రాకూడదని 1996లో 111 జీవో వచ్చింది. ఆ పరిధిలో ఆముదం ఆధారిత రసాయనాల ఫ్యాక్టరీ పెట్టబోయిన ఒక కంపెనీకి రాష్ట్ర ప్రభుత్వమే మరుసటి ఏడాది మినహాయింపు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికీ ప్రొఫెసర్ ఎం.వి.నాయుడుకూ మధ్య నడిచిన ఆ కేసులో జస్టిస్ ఎం.జగన్నాథరావు 1999లో ఇచ్చిన తీర్పును దేశమంతా ఇప్పటికీ ఉదహరిస్తారు. హాని జరుగుతుందని జనం నిరూపించనక్కర్లేదు, హాని జరగదని పరిశ్రమ పెట్టేవాడే నిరూపించాలని అది చెప్పింది. 2000లో మినహాయింపు రద్దయింది. పర్యావరణ కేసులు తేల్చడానికి నిపుణులతో కూడిన ప్రత్యేక కోర్టులు కావాలని జగన్నాథరావు తీర్పులోనూ, తర్వాత లా కమిషన్ చైర్మన్‌గా 2003 నివేదికలోనూ సిఫారసు చేశారు. 2010లో వచ్చిన హరిత ట్రిబ్యునల్ చట్టానికి బీజాలు పడింది అక్కడే. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69వ జీవోతో ఆ 111 జీవో ఆంక్షలను ఎత్తేసింది. నగరానికి తాగునీటి కోసం ఇప్పుడు ఆ జలాశయాలు అంతగా అవసరం లేదన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. 1908 మూసీ వరద తర్వాత వాటిని కట్టింది తాగునీటి కోసమే కాదు, వరద ఆపడానికి కూడా. వరద అవసరం తీరిపోయిందని ఎవరు నిరూపించారో మాత్రం తెలియదు.

ప్రస్తుతం గమనించాల్సింది 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన పర్యావరణ ఆడిట్ నిబంధనలను. ప్రభుత్వ తనిఖీదారులకు తోడుగా రిజిస్టరైన ప్రైవేటు ఆడిటర్లు రానున్నారు. ఏ ఆడిటర్ ఎక్కడికి వెళ్లాలో యాదృచ్ఛికంగా తేల్చే ఏర్పాటు అందులో ఉంది. గుజరాత్ అనుభవం నుంచి సగం పాఠం నేర్చుకున్నట్టే. మిగతా సగం అమలులో తేలాలి. ఫీజు ఫ్యాక్టరీ నుంచి నేరుగా ఆడిటర్ చేతికి వెళ్తుందా, మధ్యలో ఉమ్మడి నిధి ఉంటుందా? ఆడిటర్ కొలిచినదాన్ని మళ్లీ కొలిచే మనుషులు సగం ఖాళీ అయిన మండళ్లలో ఎక్కడి నుంచి వస్తారు? ఆ నివేదికలు ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని బతికే ఊరికి, ఆ ఊరి భాషలో, అడగకుండానే అందుతాయా? 2019 నాటి అఫిడవిట్ ఆర్‌.ఆర్‌.వెంకటాపురం పంచాయతీ నోటీసు బోర్డు మీద ఉండి ఉంటే, కనీసం ఒక్కరైనా కలెక్టరేట్ మెట్లెక్కి అడిగేవారు.